పాతిక వేల నుంచి ముప్పై అయిదు వేల దాకా: మడికొండ నుంచి గ్రాఫిక్స్ కార్డుల సమీక్ష

"అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటవు?" అని అడిగే పిల్లలు మడికొండలో ఇప్పుడు తక్కువేం లేరు. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి గుడితో పేరుపడ్డ ఈ ఊరు గ్రేటర్ వరంగల్‌లో కలిసింది. 2020 జనవరిలో ఇక్కడి ఐటీ సెజ్‌లో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. కాజీపేట దాటితే నిట్, హనుమకొండ దాటితే కాకతీయ విశ్వవిద్యాలయం. కంప్యూటర్ మీద చదివేవాళ్లు, పనిచేసేవాళ్లు ఉన్న ఇళ్లలో ఆటల కోరిక కూడా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. ఇంట్లో ఒప్పించి తెచ్చుకున్న డబ్బు పాతిక ముప్పై వేలు. అది సరిగ్గా ఖర్చు కావాలన్నదే నా తాపత్రయం.

నా మాట ముందే చెప్పేస్తాను. నేను చూసినంతలో, ఈ ధరలో చెడ్డ కార్డు కొని నష్టపోయినవాళ్లు కొందరే. మంచి కార్డునే తమ సిస్టానికి పొసగకుండా కొని నష్టపోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. యూట్యూబ్‌లో సమీక్షకులు కార్డును ఖరీదైన ప్రాసెసర్ పక్కన పెట్టి, ఏసీ గదిలో, మంచి పవర్ సప్లైతో పరీక్షిస్తారు. మన ఇంట్లో ఆ మూడూ ఉండవు. అందుకే కార్డుల పోలికకు ముందు ఇంట్లో ఉన్న డబ్బా మూత విప్పాలి.

ముందు ధర సంగతి. ఒకప్పుడు బడ్జెట్ కార్డు అంటే 150 డాలర్ల లోపు. 2014లో జీటీఎక్స్ 750 టీఐ 149 డాలర్లకు, 2016లో జీటీఎక్స్ 1050 టీఐ 139 డాలర్లకు, 2019లో జీటీఎక్స్ 1650 మళ్లీ 149 డాలర్లకు వచ్చాయి. మూడూ 75 వాట్ల లోపే, మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే కరెంటుతోనే నడవగలిగినవి. కొత్త పవర్ సప్లై అడగకుండా ఏ పాత సిస్టంలోనైనా కూర్చునేవి. మన జిల్లా కేంద్రాల్లో నెట్ సెంటర్లు, హాస్టల్ గదులు గేమింగ్ రుచి చూసింది ఇలాంటి కార్డుల మీదే. 2022 చివర్లో గేమింగ్ వేదిక స్టీమ్ లెక్కల్లో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువమంది దగ్గర కనిపించింది కూడా ఆ 1650నే.

తర్వాత కరోనా, దాని వెంటే క్రిప్టో మైనింగ్ వచ్చి 2020 నుంచి 2022 దాకా ధరలు ఆకాశానికెక్కాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక ధరలు దిగాయి గానీ, ఆ 150 డాలర్ల మెట్టు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవాటిలో రెండింటి పేర్లు ఇంకా దుకాణాల్లో వినిపిస్తున్నాయి. ఒకటి 2022 జనవరి నాటి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. 4 జీబీ మెమరీ, మదర్‌బోర్డుతో మాట్లాడడానికి నాలుగే పీసీఐఈ లేన్లు, ఆట రికార్డు చేసుకోవడానికి వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు. పాత మదర్‌బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల వేగం సగమైపోతుంది. అంటే ఏ పాత సిస్టం ఉన్నవాడు దీన్ని కొంటాడో వాడికే ఇది అందరికంటే తక్కువ పనిచేస్తుంది. ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దనే చెబుతాను. రెండోది 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050. దాని సంగతి వేరు, కింద చెబుతాను.

ఇప్పుడు కొత్త కార్డుల అసలు మెట్లు మూడు. విడుదల నాటి అమెరికా ధర 249 డాలర్లు, 299 డాలర్లు, 349 డాలర్లు. డాలరును 85 రూపాయలకు కట్టి, పైన 18 శాతం జీఎస్టీ వేస్తే ఇవి వరుసగా సుమారు పాతిక వేలు, ముప్పై వేలు, ముప్పై అయిదు వేలు అవుతాయి. దుకాణంవాడు చెప్పే ధర ఈ లెక్కకు వెయ్యి రెండు వేలు అటూ ఇటూ ఉంటే న్యాయమే. అయిదారు వేలు ఎక్కువుంటే ఎందుకో అడగాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల కొనుగోళ్ల వల్ల మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి, ఎక్కువ మెమరీ ఉన్న కార్డుల మీద ఆ ఒత్తిడి ముందుగా పడుతుంది. కాబట్టి కొనే రోజు డాలరు రేటుతో ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

ఇక డబ్బా మూత విప్పుదాం. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నవి రెండు రకాల సిస్టాలు. ఒకటి, కంపెనీలు మార్చేసిన డెల్, హెచ్‌పీ ఆఫీసు కంప్యూటర్లు, నాలుగో తరమో ఆరో తరమో ఐ5 ప్రాసెసర్‌తో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. రెండోది, హనుమకొండలో బిగించి ఇచ్చిన అసెంబుల్డ్ సిస్టం, కేబినెట్‌తో పాటు వచ్చిన పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్‌తో.

మొదటి రకంలో చిన్న కేబినెట్ అయితే పూర్తి ఎత్తు కార్డు అసలు పట్టదు, సగం ఎత్తు కార్డే కావాలి. అందులోని పవర్ సప్లై చాలాసార్లు 240, 255 వాట్లదే. దాని కనెక్టర్లు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉండడం వల్ల బయట దొరికే ఎస్‌ఎంపీఎస్‌ను తీసుకొచ్చి పెట్టడం కూడా తేలిక కాదు. ఇక్కడే 6 జీబీ 3050కి చోటుంది. 70 వాట్లు, విడి కరెంటు వైరు అక్కర్లేదు, సగం ఎత్తు రకం కూడా దొరుకుతుంది. డబ్బుకు తగ్గ వేగం కాదు, నిజమే. కానీ ఆ డబ్బాలోకి పట్టేవి చాలా తక్కువ కాబట్టి దాని ధర వేరే కార్డులతో పోల్చి లాభం లేదు. ఒక్క జాగ్రత్త. 2022లో వచ్చిన 8 జీబీ 3050 ఉంది, అది 130 వాట్ల వేరే కార్డు, లోపలి కోర్లు కూడా ఎక్కువ. పెట్టె మీద పేరు ఒకటే. బిల్లు కట్టే ముందు జీబీ ఎంతో చూడాలి.

అసెంబుల్డ్ సిస్టంలో అసలు ప్రమాదం ఎస్‌ఎంపీఎస్. దాని మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంటుంది. ఆ అంకెను పక్కన పెట్టి, పక్కనే ఉన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. అక్కడ 16 ఆంపియర్లు అని రాసి ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లే ఇవ్వగలదు. 145 వాట్ల కార్డు, ఆట ఆడేటప్పుడు 65 నుంచి 90 వాట్లు లాగే ప్రాసెసర్ కలిస్తే ఆ హద్దు దాటిపోతుంది. ఆట మధ్యలో సిస్టం ఆఫ్ అయితే అదృష్టం, లేకపోతే పక్కనున్న మదర్‌బోర్డును కూడా పట్టుకుపోతుంది. ముప్పై వేల కార్డు కొనేవాడు మూడు నాలుగు వేలు పెట్టి 80 ప్లస్ గుర్తున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనకపోవడం నాకు మింగుడుపడని పొదుపు. ఆ డబ్బు కార్డు బడ్జెట్‌లోంచే తీయాలి. అవసరమైతే ఒక మెట్టు కింది కార్డు తీసుకోండి.

కరెంటు పోవడం, రావడం మనకు అలవాటే. 600 వీఏ యూపీఎస్ అంటే ఎక్కువ వాటిలో 360 వాట్ల లెక్క. ఈ తరగతి కార్డుతో ఆట ఆడుతున్నప్పుడు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత సమయం ఇస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది సైన్ వేవ్‌దో కాదో చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొత్త రకం ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని నిలబడవు.

ఎండ సంగతి సమీక్షల్లో ఎవరూ చెప్పరు. వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. కార్డు చల్లబడేది గదిలోని గాలితోనే. పాతిక డిగ్రీల గదిలో 68 డిగ్రీల దగ్గర ఉన్న కార్డు, 40 డిగ్రీల గదిలో 83 దగ్గరికి వెళుతుంది, అప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకని మన ఊళ్లో ఒక్క ఫ్యాన్ ఉన్న చవక మోడల్ కంటే రెండు ఫ్యాన్లదానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం మేలు. మూడు ఫ్యాన్లు, రంగుల లైట్లు అక్కర్లేదు. ముందు భాగం గాజుతో మూసిన కేబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి ఆడనివ్వదు, జాలీ ఉన్నది కొనండి. హైవే పక్కనున్న ఊరు మనది, దుమ్ము ఎక్కువ. రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదించాలి.

ప్రాసెసర్ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. నాలుగో తరం ఐ5లో కోర్లు నాలుగే. దానికి ముప్పై వేల కార్డు తగిలిస్తే కార్డు సగం సమయం ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పైగా ఆ పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ లేకుండా మొదలుకాదు. ఆ సిస్టం మీద కొత్త కార్డు కొనే బదులు డబ్బు దాచుకుని సిస్టమే మార్చడం మంచిది. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉంటేనే ఈ మూడు మెట్ల కార్డుల గురించి మాట్లాడుకోవాలి.

అసలు కార్డే అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ 5 వరకే అయితే రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్లు సెట్టింగులు తగ్గించుకుంటే నడిపిస్తాయి. 8 జీబీ ర్యామ్ కడ్డీలు రెండు జతగా పెట్టాలి, ఒక్క కడ్డీతో వేగం బాగా పడిపోతుంది. ఆరు నెలల తర్వాత కార్డు కొనుక్కోవచ్చు.

ఇప్పుడు మెమరీ. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ఈ మాట దగ్గరే. "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అంటూ జీటీ 730ని ఇప్పటికీ అమ్ముతున్నారు. అది 2014 నాటి చిప్. నెమ్మదైన డీడీఆర్3 మెమరీ నాలుగు కాదు, ఎనిమిది జీబీలు పెట్టినా దాంతో ఈనాటి ఆట ఆడలేం. మానిటర్‌కు బొమ్మ రావడానికి పనికొస్తుంది, అంతే. జీటీ 1030లో కూడా డీడీఆర్4 రకం, జీడీడీఆర్5 రకం అని రెండున్నాయి. మొదటిదాని మెమరీ వేగం రెండోదాంట్లో మూడో వంతు.

అయితే చిప్‌కు సత్తువ ఉన్నప్పుడు జీబీలు నిజంగానే లెక్కకొస్తాయి. 2023లో హాగ్వర్ట్స్ లెగసీ, ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులు ఉక్కిరిబిక్కిరయ్యాయి. కల్లంలో పట్టని వడ్లను రోడ్డు మీద పోసి మళ్లీ ఎత్తుకొచ్చినట్టు, కార్డు మెమరీలో పట్టని బొమ్మల సమాచారాన్ని సిస్టం ర్యామ్‌లో పెట్టి, అవసరమైనప్పుడల్లా పీసీఐఈ దారిలో తెచ్చుకోవాలి. అప్పుడే ఆట తడబడుతూ, ఆగుతూ నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060 రెండూ ఎనిమిది లేన్ల కార్డులు. పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న పాత బీ450 లాంటి బోర్డులో ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. 1080పీ మానిటర్‌తో, టెక్స్‌చర్లు ఒక మెట్టు తగ్గించుకుంటే 8 జీబీ ఇవాళ్టికి సరిపోతుంది. నాలుగైదేళ్లు వాడదామనుకుంటే సరిపోదని నా గట్టి నమ్మకం.

ఆ లెక్కతో మూడు మెట్లూ చూద్దాం.

పాతిక వేల మెట్టులో రెండు కార్డులు. 2025 జూలైలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5050కి 8 జీబీ, 130 వాట్లు. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ, 190 వాట్లు. కాగితం మీద ఇంటెల్‌దే గెలుపు. అయితే 2025 జనవరిలో సమీక్షకులు దాన్ని పాత రైజెన్ ప్రాసెసర్లతో పరీక్షించినప్పుడు వేగం పడిపోవడం బయటపడింది. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది. రీసైజబుల్ బార్ అనే సౌకర్యం మదర్‌బోర్డులో లేకపోతే అసలు కొననే వద్దు. అంటే కొత్తగా సిస్టం కట్టించుకునేవాడికి బీ580 మంచి బేరం. ఉన్న పాత సిస్టంలో పెట్టుకునేవాడికి 5050 నిదానమైనా నమ్మకంగా పనిచేస్తుంది. ఈ మెట్టు కిందే, 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 స్టాకు ఎక్కడైనా ఉంటే వదలకండి. 132 వాట్లు, 8 జీబీ. అయితే 2025 చివర్లో ఏఎండీ 5000, 6000 శ్రేణుల డ్రైవర్లను వేరే శాఖలోకి మార్చింది. గోల జరిగాక కొత్త ఆటలకు సపోర్టు కొనసాగుతుందని చెప్పింది. అందుకే ఇరవై వేలకు దిగువన దొరికితేనే తీసుకోమంటాను.

ముప్పై వేల మెట్టులో జనం ఎక్కువగా అడిగేది ఆర్‌టీఎక్స్ 5060. 2025 మే 19న విడుదలైంది. విడుదలకు ముందు చాలామంది సమీక్షకులకు ఎన్‌విడియా డ్రైవర్ ఇవ్వలేదు. కొనేవాడికి తెలియాల్సింది ఆలస్యంగా తెలిసింది, అది నాకు నచ్చని పని. కార్డు వేగం మంచిదే, 4060 కంటే ముందే ఉంటుంది. 145 వాట్లు, ఒకే ఎనిమిది పిన్నుల వైరు. దాని కష్టం 8 జీబీయే. కార్డే మధ్యలో అదనపు ఫ్రేములు అల్లే మల్టీ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే తెర మీద ఎఫ్‌పీఎస్ అంకె రెండు మూడింతలు కనిపిస్తుంది గానీ, చేతి కదలికకు ఆట స్పందించే వేగం దాంతో పెరగదు. అసలు ఎఫ్‌పీఎస్ యాభై అరవై దాకా ఉంటేనే దాన్ని వాడాలి. ఇదే ధరలో ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ రకం ఉంది. దానికి పదహారు లేన్లు ఉండడం పాత బోర్డులవాళ్లకు కలిసొస్తుంది.

ముప్పై అయిదు వేల మెట్టులో 9060 ఎక్స్‌టీ 16 జీబీ. 2025 జూన్ 5న వచ్చింది, 160 వాట్లు, పదహారు లేన్లు. ఎఫ్ఎస్ఆర్ 4 అనే కొత్త అప్‌స్కేలింగ్ ఈ తరం ఏఎండీ కార్డులకే అధికారికంగా ఇచ్చారు, మునుపటి రకాల కంటే బొమ్మ చాలా శుభ్రంగా ఉంటుంది. దీనికి పోటీగా ఎన్‌విడియాలో 16 జీబీ కావాలంటే 429 డాలర్ల 5060 టీఐ దాకా, అంటే నలభై మూడు వేల దాకా ఎక్కాలి. అది బడ్జెట్ హద్దు దాటిపోయింది. పైన చెప్పినవన్నీ తూచి చూస్తే, మంచి ఎస్‌ఎంపీఎస్, ఆరు కోర్ల ప్రాసెసర్ ఉన్నవాడికి నేను చెప్పే కార్డు ఇదే.

ఇంజినీరింగ్ పిల్లలు ఇక్కడ ఒక మాట అడ్డు వేస్తారు: "ఏఐ కోర్సుకు కూడా కావాలి కదా, ఎన్‌విడియా అయితేనే క్యూడా ఉంటుంది." మాట నిజమే. పైటార్చ్ పాఠాలు, ల్యాబ్ కోడ్ ఎక్కువ భాగం క్యూడా అనే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్ వేదిక మీదే సాఫీగా నడుస్తాయి. కానీ గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 కార్డుకు 16 జీబీ మెమరీ ఉంది. డిగ్రీ స్థాయి అసైన్‌మెంట్లకు అది చాలు. రోజూ గంటల తరబడి మోడళ్లు నడిపే చివరి సంవత్సరం ప్రాజెక్టు ఉంటే ఎన్‌విడియా తీసుకోండి. అమ్మానాన్నలను ఒప్పించడానికి మాత్రమే చెప్పే కారణమైతే, దానికోసం మెమరీ సగం ఉన్న కార్డు కొనకండి.

సెకండ్ హ్యాండ్ విషయంలో నా భయం మైనింగ్ గురించి కాదు. మైనింగ్‌లో వాడిన కార్డు ఫ్యాన్లు, థర్మల్ పేస్టు మార్చుకుని ఇంకా నడవొచ్చు. అసలు గండం కాలం చెల్లడం. 1050 టీఐ, 1060, 1070 తరానికి కొత్త ఆటల డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తానంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్, 2025 మేలో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న కార్డే కావాలన్నాయి. ఎనిమిది వేలకు వచ్చే ఆర్‌ఎక్స్ 580 అయినా, జీటీఎక్స్ 1660 సూపర్ అయినా వాటికి పనికిరావు. 580లో 2048ఎస్‌పీ అని కోర్లు తగ్గించిన రకం కూడా తిరుగుతోంది. పాతది కొనాలంటే 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060, అదీ 12 జీబీ రకం మాత్రమే చూడండి. 8 జీబీ 3060 మెమరీ దారి సన్నం. కార్డును అమ్మేవాడి సిస్టంలోనే అరగంట ఆట నడిపించి, చుక్కలూ గీతలూ రాకుండా ఉంటేనే డబ్బివ్వండి.

చివరికి, ఎక్కడ కొనాలి? కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలు దారిలో సుమారు 130 కిలోమీటర్లు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అని పిలిచేది, ఇక్కడి దుకాణాలకు కూడా సరుకు వచ్చే చోటు. అక్కడ ఒక ఉదయమంతా తిరిగి నాలుగు షాపుల్లో ధర అడగొచ్చు. ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలు తగ్గొచ్చు. అయితే కార్డు పాడైతే సర్వీస్ సెంటర్‌కు ఎవరు పంపాలి, కొరియర్ ఖర్చు ఎవరిది, ఎన్ని వారాలు పడుతుంది అన్నవి ముందే అడగాలి. వారంటీ చాలా కార్డులకు మూడేళ్లు, కొన్నిటికి కొన్న కొద్దిరోజుల్లో రిజిస్టర్ చేసుకుంటే ఇంకా పొడిగిస్తారు. హనుమకొండలో తెలిసిన దుకాణం ఆ బాధ్యత తీసుకుంటానని బిల్లు మీద రాసిస్తే, వెయ్యి రూపాయలు ఎక్కువైనా నేను అక్కడే కొంటాను. నోటి మాటగా చెబితే కొనను.

కార్డు తీసుకునేటప్పుడు పెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు వెనకున్న నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటేనా చూడండి. జీఎస్టీ లేని బిల్లుకు తగ్గింపు ఇస్తామంటే ఒప్పుకోకండి, ఆ బిల్లు లేకపోతే మూడేళ్ల వారంటీ కాగితానికే మిగులుతుంది.